ఐదు ఆవులు, ఒక చేయి

9, సోమవారం

రాత్రంతా వాన. తెల్లవారుజామున తెరిపిచ్చింది. కొట్టం తూర్పు మూల మళ్ళీ కారుతోంది. ఐదు ఆవులకూ కలిపి పొద్దున ఇరవై రెండు లీటర్లు, అందులో చుక్క ఒక్కదానివే ఏడు. పాల వ్యాను ఆలస్యంగా వచ్చింది. పేడ ఎత్తి, కొట్టం కడిగి, గడ్డి కోసుకొచ్చేసరికి పది.

రెండో మోపు దించుతుంటే గడప దగ్గర కాలు జారింది. కుడిచేయి కిందపడింది, నేను దానిమీద పడ్డాను. కాసేపు అలాగే కూర్చున్నాను. చుక్క తల తిప్పి చూసి మళ్ళీ నెమరు వేసుకుంది.

పెద్దదేం కాదు. తువ్వాలు చింపి కట్టాను. సాయంత్రం పాలు తీయడం కొంచెం కష్టమైంది. ఇబ్బంది లేదు.

10, మంగళవారం

ఎడమ చేత్తో రాస్తున్నాను. కోడి గెలికినట్టుంది.

మణికట్టు రెండుచోట్ల విరిగిందట. మోచేతి దాకా పిండికట్టు వేశారు. ఆరు వారాలు. ఇంట్లో ఎవరెవరున్నారని నర్సు అడిగింది. ఐదుగురున్నారని చెప్పాను. ఆవులని చెప్పలేదు.

ఆసుపత్రి బయట పాస్టరుగారు ఎదురయ్యారు. "అయ్యో, మరి పాలెవరు తీస్తారన్నయ్యా?" అన్నారు. పక్కూరి నుంచి మనిషి వస్తున్నాడని చెప్పాను. ఎవరూ రావడం లేదు. ఆయన కంగారు పడకూడదని అలా చెప్పాను.

11, బుధవారం

ఎడమ చేత్తో తీశాను. రెండు చేతులతో గంటంబావు పని, మూడు గంటలు పట్టింది. వ్యానువాడు హారన్ కొట్టి కొట్టి, దిగి లోపలికొచ్చి, నన్ను చూసి మళ్ళీ బయటికెళ్ళి నిలబడ్డాడు. పద్దెనిమిది లీటర్లు. ఇబ్బంది లేదు.

12, గురువారం

మళ్ళీ వాన. పదహారు. బలమియ్యమని ప్రభువును అడిగాను. ఇబ్బంది లేదు.

13, శుక్రవారం

పదకొండింటికి టైలరమ్మ క్యారేజీ పట్టుకుని గేటు దగ్గరికొచ్చింది. చర్చిలో వెనక వరసలో కూర్చుని అందరికంటే పైకి పాడుతుంది. పాట ఒక దారి, ఆమె ఒక దారి. రోడ్డుమీద ఎదురైతే అరగంట కదలనివ్వదు.

"పట్టుకోండి బాబాయ్, చెయ్యి కాలిపోతోంది."

"భోంచేశానమ్మాయ్."

"పదకొండింటికే?"

"పొద్దున్నే తినేస్తాను."

"మధ్యాహ్నం భోజనం పొద్దున్నే తినేస్తే మరి రాత్రిది మధ్యాహ్నం తింటారా?"

గేటు తీయలేదు. కాసేపు నిలబడి వెళ్ళిపోయింది. పొయ్యి వెలిగించడానికి అగ్గిపెట్టె మోకాళ్ళ మధ్య ఇరికించుకుని గీశాను. ఏడు పుల్లలు పట్టాయి. తర్వాత ఆకలి పోయింది.

సాయంత్రం బావమరిది ఫోన్ చేశాడు. "గొంతు అదోలా ఉందేం బావా?" అన్నాడు. జలుబన్నాను.

15, ఆదివారం

చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పడ్డాయి. చర్చికి బయల్దేరే వేళ చూసుకున్నాను. విప్పి మళ్ళీ పెట్టుకునే ఓపిక లేక పైన స్వెట్టరు వేసుకున్నాను. చెమట.

ఆరాధన అయ్యాక అవసరాల పుస్తకం చదివాను. మూడు వచ్చాయి. ఒక ముసలమ్మకు ఆసుపత్రికి తోడు కావాలి. ఒకరింట్లో తలుపు బిగుసుకుంది. మూడోది కంచె. ఎవరేది చేస్తారో పంచాను. ఈ పుస్తకం పెట్టింది నేనే, పన్నెండేళ్ళయింది. వెనక బల్లమీద ఉంటుంది. ఎవరికేం కావాలో రాస్తారు, చేయగలిగినవాళ్ళు పక్కన సంతకం పెడతారు. కంచెకు ఎవరూ చెయ్యెత్తలేదు. నేనెత్తాను. ఎడమది. పాస్టరుగారు నా పిండికట్టువైపు చూశారు.

పక్కూరి మనిషి బాగా తీస్తున్నాడా అని ఇద్దరు అడిగారు. బాగానే తీస్తున్నాడని చెప్పాను.

16, సోమవారం

పద్నాలుగు. చుక్క తన్నింది. నాలుగేళ్ళలో ఎప్పుడూ తన్నలేదు. తడిగడ్డి పడి ఉండదు.

17, మంగళవారం

చుక్క వెనక కుడి చన్ను గట్టిగా ఉంది. పొదుగు అటువైపు వేడిగా ఉంది. దాణా తినలేదు. వాన వల్లే. రేపటికి తగ్గుతుంది. ఇబ్బంది లేదు.

18, బుధవారం

తగ్గలేదు. పొద్దున ఆ చన్నులోంచి పాలు విరిగినట్టు పలుకులుగా వచ్చాయి. ముట్టుకోనివ్వడం లేదు. ఒళ్ళు కాలిపోతోంది. పశువుల డాక్టరుకు ఫోన్ చేశాను.

ఆయన వచ్చి పొదుగు నొక్కి చూశాడు. లేచి నావైపు చూశాడు.

"ఎన్నాళ్ళుగా పాలు పూర్తిగా తీయడం లేదు?"

"తీస్తున్నాం."

"ఎవరు?"

పిండికట్టు వెనక్కి పెట్టుకున్నాను.

"ఈ చెయ్యా?"

"ఈ చెయ్యే."

"ముప్ఫై ఏళ్ళుగా ఆవులతో ఉన్నారు. పొదుగులో పాలు నిలవుంటే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? ఇంకొకరైతే తిట్టి ఉందును."

"తిట్టండి."

"తిడితే తగ్గుతుందా?" అని సూదిమందు వేశాడు. చన్నులోకి మందెక్కించాడు. "రెండు గంటలకోసారి వేడినీళ్ళ కాపడం పెట్టి, అందులో ఉన్నదంతా పిండెయ్యాలి. మూడు రోజులు. ఒక మనిషితో అయ్యే పని కాదు, మీలాంటి అరమనిషితో అసలు కాదు. లేకపోతే చన్ను పోతుంది. జ్వరం తగ్గకపోతే ఆవే పోతుంది."

ఆయన వెళ్ళాక నేను ప్రయత్నించాను. గంట కూర్చున్నాను. ఓ గుక్కెడు వచ్చాయి. చుక్క నన్ను తన్నడం కూడా మానేసింది. తల వేలాడేసుకుని నిలబడింది.

వానవల్ల కాదు. తడిగడ్డి వల్ల కాదు. నావల్ల.

మధ్యాహ్నం చర్చికి వెళ్ళాను. లోపల ఎవరూ లేరు. పుస్తకం తెరిచాను. పెన్ను పట్టుకుని ఎంతసేపున్నానో తెలియదు. "ఒక పెద్దాయనకు పాలు తీసే మనిషి వెంటనే కావాలి" అని రాశాను. మూసి వచ్చేశాను.

19, గురువారం

పొద్దున అయిదున్నరకే టైలరమ్మ వచ్చింది. చంకలో అవసరాల పుస్తకం. దాన్ని అక్కణ్ణుంచి బయటికి తేకూడదు.

"బాబాయ్, ఈ పెద్దాయనెవరో తెలుసా మీకు? పాస్టరుగారికీ తెలియదట. పాపం అర్జెంటంట."

"తెలియదు."

"రాత చూస్తే చిన్నపిల్లాడిలా ఉంది. కాగితం మీద పేడ మరక కూడా ఉంది."

"ఉంటే?"

"మొదటి పేజీలో మీరే రాశారుగా బాబాయ్. 'పేరు రాయాలి. పేరు లేని అర్జీలు చూడబడవు.' మీరు పెట్టిన రూలే. నేనేం చెయ్యను, ఇంటికి పోతాను."

నిజంగానే వెనక్కి తిరిగింది. గేటు దాకా వెళ్ళింది. లోపల చుక్క మూలిగింది.

"నేనే," అన్నాను.

"వినపడలేదు."

"నేనేనమ్మా. పాలు తీసే మనిషి కావాలి. చుక్క చచ్చిపోయేలా ఉంది."

ఆమె పుస్తకం అరుగుమీద పెట్టి, చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని కొట్టంలోకి నడిచింది. పుట్టింట్లో నాలుగు గేదెలుండేవట. పదేళ్ళ వయసు నుంచి పాలు తీసిందట. మిషను తొక్కుతూ ఉంటే చేతులు మర్చిపోతాయా అంది.

కానీ చుక్క చేపలేదు, పొదుగులోకి పాలు దించలేదు. కొత్త చెయ్యి తగలగానే మొత్తం పైకి బిగబట్టి ఎగచేపేసింది. చుక్కే కాదు, మిగతా నాలుగూ అంతే. తప్పు వాటిది కాదు. నా చెయ్యి తప్ప ఇంకో చెయ్యి తెలియకుండా పెంచింది నేనే. మా ఆవులు నాకు తప్ప ఎవరికీ పాలివ్వవని అందరికీ గొప్పగా చెప్పేవాణ్ణి.

"మీ పాత చొక్కా ఒకటివ్వండి," అంది. తెచ్చిచ్చాను. చీర మీదే తొడుక్కుంది. ఆవు వాసన చూసింది కానీ చేపలేదు.

"పాలు తీసేటప్పుడు మీరేం చేస్తారు? మాట్లాడతారా?"

"ఏం చెయ్యను."

"ఏదో చేస్తారు బాబాయ్. చెప్పండి, పొద్దెక్కుతోంది."

పాడతాను. ముప్ఫై ఏళ్ళుగా ఒకే కీర్తన, ఒకటిన్నర చరణం, మిగతాది నాకు రాదు. మా ఆవిడకు తప్ప ఎవరికీ తెలియదు. చెయ్యి విరిగినప్పటి నుంచి పాడలేదు, నొప్పికి పళ్ళు బిగించుకుని తీశాను. ఆ సంగతి ఇప్పుడే తట్టింది.

చుక్క తల దగ్గర కూర్చుని గంగడోలు నిమురుతూ మొదలుపెట్టాను. మొదట గొంతులోనే. తర్వాత కొంచెం పైకి. టైలరమ్మ కింద నుంచి అందుకుంది. ఎవరి దారి వాళ్ళదే. నా పాట ఆమె పాటకంటే బాగుందని చెప్పలేను. వ్యానువాడు గుమ్మంలో నిలబడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

మూడోసారి మొదటి చరణానికి వచ్చేసరికి చుక్క చేపింది.

చెడిపోయిన చన్నులోంచి గిన్నెడు వచ్చింది, పసుపుపచ్చగా. పారబోశాం. రెండు గంటల తర్వాత మళ్ళీ. మళ్ళీ. మధ్యలో ఆమె మిషను తెచ్చి నా వరండాలోనే పెట్టుకుంది, చెయ్యాల్సిన పని ఉందట. మధ్యాహ్నం క్యారేజీ తెరిచి నా ముందు పెట్టింది. తిన్నాను.

బలమడిగాను. బలం రాలేదు. టైలరమ్మ వచ్చింది.

20, శుక్రవారం

సాయంత్రం బస్సుకు బావమరిది దిగాడు. టైలరమ్మే ఫోన్ చేసిందట. గుమ్మంలోనే సంచి పడేసి నడుంమీద చేతులేసుకుని నిలబడ్డాడు.

"ఏం బావా, జలుబు చేతికి పట్టిందా?"

హాస్టలులో వంటవాడు. మూడొందల మందికి వండుతాడు. ఇప్పుడు సెలవులు. ఎన్నాళ్ళుంటావని అడిగితే, నువ్వు తరిమేదాకా అన్నాడు.

వచ్చిన అరగంటకే నాకు స్నానం చేయించాడు. వద్దన్నాను. పదకొండు రోజులుగా ఒంటిచేత్తో పోసుకుంటున్నానని చెప్పాను. "చూస్తే తెలుస్తోందిలే," అన్నాడు. వీపు రుద్దుతూ, "నీకంటే ఆవుకు పోయడం తేలిక బావా. అది కట్టేసిన చోట నిలబడుతుంది," అన్నాడు. చెవుల వెనక కూడా రుద్దాడు.

చుక్క జ్వరం కొంచెం తగ్గింది. రాత్రి వంతు వాడిది, పగలు టైలరమ్మది.

21, శనివారం

ఇది రాయాలా వద్దా అని చాలాసేపు అనుకున్నాను.

పొద్దున టైలరమ్మ టీ తెచ్చింది. నేను చాలన్నాను, అసలు ముట్టుకోకుండానే. ఆమె గ్లాసు అక్కడే పెట్టి అంది: "మా ఇంటి కప్పు కారినప్పుడు మీరొచ్చి మూడు రోజులు పనిచేశారు బాబాయ్. గుర్తుందా? గ్లాసుడు నీళ్ళు కూడా తాగలేదు. సీసాలో ఇంటి నుంచి తెచ్చుకున్నారు. కప్పు బాగైంది గానీ, మా ఇంటి నీళ్ళు పనికిరావేమో అని నేనూ మా ఆయనా ఎన్నాళ్ళు అనుకున్నామో."

వాళ్ళకు ఇబ్బంది కలగకూడదనే తాగలేదని చెప్పాను.

"ఇబ్బంది ఎవరికి తప్పింది?" అంది. మిషను దగ్గరికి వెళ్ళిపోయింది. టీ తాగాను. చల్లారిపోయింది.

ఇది బావమరిది వరండాలో కూరగాయలు తరుగుతూ విన్నాడు. మధ్యాహ్నం నాకు గడ్డం గీస్తున్నాడు. సబ్బు నురుగుతో ఉన్నాను, నోరు మెదపడానికి లేదు. అప్పుడన్నాడు, చాలా మెల్లిగా.

"అక్క మంచం పట్టినప్పుడు నేను నాలుగుసార్లు వచ్చాను బావా. నాలుగుసార్లూ నువ్వు గుమ్మంలోనే 'నేను చూసుకుంటున్నాగా' అన్నావు. నువ్వు బాగానే చూసుకున్నావు. కాదనను. నేను వంటవాణ్ణి. మూడొందల మందికి వండి పెడతాను. మా అక్కకు ఒక్కపూట నా చేత్తో తినిపించనివ్వలేదు."

కత్తి ఆగలేదు. దవడ కింద నున్నగా గీశాడు. తుడిచాడు. గిన్నె తీసుకుని వెళ్ళాడు.

22, ఆదివారం

కాస్త ఎండ. చుక్కకు జ్వరం లేదు. చన్ను ఇంకా గట్టిగానే ఉంది.

చొక్కా గుండీలు బావమరిది పెట్టాడు. స్వెట్టరు వేసుకోలేదు.

చర్చిలో నేను వాక్యం చదవాల్సిన వంతు. ప్రభువు సిలువ మోసుకుంటూ వెళ్ళే భాగం. పొలం నుంచి వస్తున్న ఒక మనిషిని సైనికులు పట్టుకుని ఆయన సిలువను వాడి భుజాన పెడతారు. నలభై ఏళ్ళుగా ఎన్నిసార్లు చదివానో. ఎప్పుడూ ఆ పొలం మనిషిని చూస్తే నాకు నేనే కనిపించేవాణ్ణి. నాకు అందులో అంతకంటే ఏమీ ఉండేది కాదు.

ఇవాళ చదువుతుంటే ప్రభువు చేతులు కనిపించాయి. సిలువ మాను ఇంకొకడి భుజానికి వెళ్ళాక ఆ చేతులు ఖాళీ. అక్కర్లేదు, నేనే మోసుకుంటాను అని ఆయన అన్నట్టు ఎక్కడా రాయలేదు. ఆ మనిషిని పక్కకు తోసినట్టూ రాయలేదు. ముందు నడిచాడు, అంతే. వెనక ఒకడు మోసుకొస్తున్నాడు.

మధ్యలో ఆగిపోయాను. చోటు తప్పిందనుకుని పాస్టరుగారు వేలుపెట్టి చూపించారు. మిగతాది చదివాను.

తర్వాత పక్కూరి మనిషి సంగతి అబద్ధమని అందరి ముందూ చెప్పాను. ఎవరూ ఆశ్చర్యపోలేదు. వ్యానువాడు మొదటి వారమే చెప్పేశాడట. కంచె పని ఇద్దరు శుక్రవారమే చేసేశారట. "మీరు అడిగేదాకా ఆగాం అన్నయ్యా," అన్నారు పాస్టరుగారు. "చాలా రోజులు ఆగాల్సొచ్చింది."

23, సోమవారం

బావమరిదితో తప్పయిందిరా అన్నాను. గిన్నెలు కడుగుతున్నాడు. ఏది అని అడగలేదు. కాసేపటికి, "ఉప్పు సరిపోయిందా?" అన్నాడు. సరిపోయిందన్నాను. భుజంతో కళ్ళు తుడుచుకున్నాడు, చేతులకు సబ్బు ఉంది కదా.

తర్వాత వాళ్ళక్క గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం. ఆమె పోయాక ఈ నాలుగేళ్ళలో ఇదే మొదలు. చిన్నప్పుడు ఆమె చెట్టెక్కి దిగలేక ఏడ్చిందట. వీణ్ణి కింద నిచ్చెనలా నిలబెట్టి, వీడి తలమీద కాలుపెట్టి దిగిందట. దిగాక, నేనే దిగానని అందరికీ చెప్పిందట. నాకు తెలియదు ఆ సంగతి. ఇద్దరం నవ్వాం.

25, బుధవారం

డాక్టరు వచ్చాడు. చన్ను మెత్తబడింది. పాలు తెల్లగా వస్తున్నాయి, తక్కువే గానీ తెల్లగా. "బతికింది. ఈ ఈతకు ఆ చన్నులో పాలు కొంచెం తగ్గుతాయి, మళ్ళీ ఈనాక సర్దుకుంటుంది," అన్నాడు. "పాట ఎవరిది?" అని కూడా అడిగాడు. రోడ్డు దాకా వినపడుతోందట.

చుక్క దాణా మొత్తం తిని బకెట్టు బోర్లా దొర్లించింది.

కొట్టంలో ఒక్కణ్ణే కాసేపు మోకరించాను. ఏమీ అడగలేదు.

28, శనివారం

మబ్బు. పంతొమ్మిది. బావమరిది చేతికి మూడు ఆవులు చేపుతున్నాయి. వాడికి పాట రాదు, హాస్టలు పిల్లల హాజరు చదువుతాడు. దానికీ చేపుతున్నాయి.

30, సోమవారం

టైలరమ్మ ఇంటికి వెళ్ళాను, పనేమీ లేకుండా. ఆమె భర్త లారీ డ్రైవరు, ఇవాళ ఇంట్లోనే ఉన్నాడు. మంచినీళ్ళు అడిగి తాగాను. ఇంకో గ్లాసు అడిగాను. వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయన కుర్చీ లాగి ఫ్యాను నావైపు తిప్పాడు.

6, ఆదివారం

పెద్ద వాన. కొట్టం తూర్పు మూల నలుగురొచ్చి బాగుచేశారు. పుస్తకంలో నేనే రాశాను, పేరుతో. నేను కుర్చీలో కూర్చుని చూశాను. పక్క దూలం పట్టిస్తే ఇంకా బాగుండేది. అనలేదు. తర్వాత అన్నాను. "కూర్చోండి బాబాయ్," అని పైనుంచి ఒకడు కేకేశాడు.

13, ఆదివారం

ఎండ. ఇరవై ఒకటి.

21, సోమవారం

పిండికట్టు తీశారు. బయటికొచ్చిన చెయ్యి నాది కాదనిపించింది. పాలిపోయి, సన్నగా. వేళ్ళు ఆడుతున్నాయి. ఇంకో రెండు వారాలు బరువులెత్తొద్దన్నారు. ఇంట్లో ఎవరున్నారని అదే నర్సు మళ్ళీ అడిగింది. బావమరిది ఉన్నాడని చెప్పాను.

ఇంటికొచ్చేసరికి వాడు సంచి సర్దుకుంటున్నాడు. రేపు పొద్దున బస్సుకు వెళ్తానన్నాడు.

"హాస్టలు గురువారం కదా తెరిచేది. బుధవారం వెళ్ళరా," అన్నాను.

"ఎందుకు బావా? చెయ్యి వచ్చేసిందిగా. ఏం పనుంది?"

"పనేం లేదు. ఉండు."

నా మొహంలోకి చూశాడు. సంచిలోంచి తువ్వాలు తీసి మళ్ళీ దండెం మీద వేశాడు.

22, మంగళవారం

పొద్దున కొట్టంలో ముగ్గురం. నేను రెండు ఆవులు తీశాను, నిదానంగా. వాడు రెండు. టైలరమ్మ చుక్కను తీసింది. సాయంత్రం పాలు ఇకనుంచి నువ్వే తియ్యమ్మా, వీలుంటే, అన్నాను.

"చెయ్యి పూర్తిగా వచ్చేదాకానా?"

"వచ్చాక కూడా. నాకొక్కడికే అలవాటైతే మంచిది కాదు వాటికి."

"వాటికా?" అంది.

నేను చుక్క గంగడోలు నిమిరాను. అయితే రెండో చరణం పూర్తిగా నేర్పుతానంది.

23, బుధవారం

మబ్బు. వాన లేదు. పొద్దున ఇరవై లీటర్లు. బావమరిది ఏడూ పది బస్సుకు వెళ్ళాడు. టైలరమ్మ ఎనిమిదింటికి వెళ్ళింది, సాయంత్రం పాలకు మళ్ళీ వస్తానని.